న్యుమోనియా నుంచి జన్యువు దాకా – ఆస్వాల్డ్ ఏవరీ జీవితం

(ద్వితీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

మన సంచికలో ప్రతి ఏటా ఒక మహనీయుని జీవితం గురించి ఎవరో ఒకరు రాయడం ఆనవాయితీ. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయడానికి నాకన్నా బాగా తెలిసిన మిత్రులు చాలామంది వున్నారు. నేను సైన్సు విద్యార్థిని. అందుకని ఒక శాస్త్రవేత్తను ఎంచుకున్నాను. ఆయన పేరు ఆస్వాల్డ్ ఏవరీ. బోటనీ, జువాలజీ చదివేవాళ్ళకు ఈ పేరు కొత్త కాదు. పాఠ్యపుస్తకంలో ఆయనకు నాలుగు వాక్యాలు దక్కాయి. 1944లో డి.ఎన్.ఏ.యే జన్యుపదార్థమని చూపించారు, సహచరులు మెక్లియోడ్, మెకార్టీ అని వుంటుంది. రెండు మార్కుల ప్రశ్నకు అది సరిపోతుంది.

ఐతే ఆ నాలుగు వాక్యాల్లో లేని సంగతి ఒకటుంది. ఏవరీ జన్యువును వెదుక్కుంటూ బయలుదేరిన మనిషి కాదు. ఆయన డాక్టరు. న్యుమోనియాకు వైద్యం వెదుకుతూ బయలుదేరి, ముప్ఫై ఏళ్ళు ఒకే ఒక సూక్ష్మజీవి వెంట నడిచి, ఆఖరికి జన్యువు దగ్గరకు చేరారు. మధ్యలో యాంటీబయోటిక్ మందులు వచ్చి ఆయన నడిచిన దారికి గడ్డి మొలిచింది. ఇప్పుడు ఆ మందులే లొంగని సూక్ష్మజీవులు ఊపిరితిత్తుల్లో చేరి మనుషుల్ని చంపుతుంటే, శాస్త్రజ్ఞులు మళ్ళీ ఆ దారికే వస్తున్నారు. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

బాల్యం, విద్య

ఏవరీ 1877 అక్టోబరు 21న కెనడాలోని హాలిఫాక్స్ పట్టణంలో పుట్టారు. తండ్రి ఇంగ్లండు నుంచి వచ్చిన బాప్టిస్టు పాస్టరు. ముగ్గురు మగపిల్లల్లో ఈయన రెండోవాడు. 1887లో కుటుంబం న్యూయార్కుకు తరలింది. అక్కడ ఓడకూలీలు, వలస వచ్చిన బీదాబిక్కీ వుండే పేటలో తండ్రి చర్చి నడిపారు. ఆదివారం పూట చర్చి మెట్ల మీద నిలబడి కార్నెట్ అనే బాకా ఊది, దారినపోయే జనాన్ని లోపలికి రప్పించడం కుర్రవాడైన ఆస్వాల్డ్ పని. 1892 ఆ ఇంటికి కలిసిరాని సంవత్సరం. అన్న, తండ్రి ఇద్దరూ అదే ఏట పోయారు. పదిహేనేళ్ళవాడు ఇంటికి పెద్దకొడుకు అయ్యాడు. తమ్ముడు రాయ్ మరీ చిన్నవాడు. తల్లి చర్చి సేవాసంఘంలో పనిచేస్తూ సంసారం లాగింది.

విచిత్రమేమిటంటే ఈయన కాలేజీలో చదివింది సైన్సు కాదు. కోల్గేట్ యూనివర్సిటీలో సాహిత్యం, వక్తృత్వం వంటివి చదివి 1900లో పట్టభద్రుడయ్యారు. కాలేజీ బ్యాండుకు నాయకుడు కూడా. ఆ తర్వాత మనసు మార్చుకుని కొలంబియాలో మెడిసిన్ చదివి 1904లో డాక్టరు పట్టా తీసుకున్నారు. ఆర్ట్సు గ్రూపు మిత్రులు ఈ సంగతి గమనించాలి. గ్రూపు మనిషికి గోడ కాదు.

మూడేళ్ళు ప్రాక్టీసు చేశారు. గుండెల్లో కఫం పట్టి ఊపిరాడక వచ్చే రోగులకు ఆ రోజుల్లో డాక్టరు చెయ్యగలిగింది ధైర్యం చెప్పడం వరకే. ఆ నిస్సహాయత ఆయన్ను బాగా కుంగదీసింది. 1907లో ప్రాక్టీసు వదిలి బ్రూక్లిన్‌లోని హోగ్లండ్ లాబొరేటరీలో చేరారు. జీతం తక్కువ, పని ఎక్కువ. అక్కడ మొదట చేసిన పనుల్లో ఒకటి పాలను పెరుగు చేసే బాక్టీరియా మీద పరిశోధన. మన ఇళ్ళల్లో రోజూ రాత్రి తోడు వేసే అమ్మకు ఆ బాక్టీరియా పేరు తెలియకపోయినా దాని స్వభావం బాగా తెలుసు. పాలు ఎంత వేడి మీద వుండాలో, తోడు ఎంత వెయ్యాలో చేతికే తెలుసు. ఏవరీ కూడా అలా ఒక్కొక్క సూక్ష్మజీవి స్వభావాన్ని చేత్తో నేర్చుకున్నారు. అక్కడి విద్యార్థులు ఆయన్ను ప్రొఫెసర్ అని పిలవసాగారు. ఆ పేరే పొట్టిదై ఫెస్ అని జీవితాంతం వుండిపోయింది.

ఒకే ఒక సూక్ష్మజీవి

1913లో రూఫస్ కోల్ అనే డాక్టరు ఏవరీని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్ ఆసుపత్రికి పిలిపించుకున్నారు. అక్కడ ముఖ్యమైన పని న్యుమోనియా మీద. ఆ కాలంలో అమెరికాలో మనుషుల్ని చంపే జబ్బుల్లో న్యుమోనియాది మొదటి వరుస. దానికి కారణమైన వాటిలో ముఖ్యమైనది న్యుమోకోకస్ అనే బాక్టీరియా. జంటలు జంటలుగా వుండే గుండ్రటి జీవి. అన్నీ చూడటానికి ఒక్కలాగే వుంటాయి గాని రకాలు వేరు. ఒకటో రకం, రెండో రకం, మూడో రకం అని అప్పటికి పేర్లు పెట్టారు. గుర్రానికి ఒకటో రకం బాక్టీరియాను ఎక్కించి, దాని రక్తం నుంచి తీసిన సీరం ఇస్తే ఒకటో రకం రోగి బతికేవాడు. అదే సీరం మూడో రకం రోగికి ఇస్తే ఏమీ లాభం లేదు. కాబట్టి వైద్యం మొదలుపెట్టే ముందు శత్రువు ఏ రకమో తేల్చాలి.

మామూలు డాక్టరైతే ఇక్కడ ఆగిపోతాడు. ఏవరీ ఆగలేదు. ఒక రకాన్ని ఇంకో రకం నుంచి వేరు చేసేదేమిటి అని అడిగారు. 1917లో డోషే అనే మిత్రునితో కలిసి, రోగి రక్తంలోను మూత్రంలోను ఆ బాక్టీరియా నుంచి కరిగి వచ్చిన ఒక పదార్థం వున్నట్టు కనిపెట్టారు. అది రకరకానికీ వేరు. 1923 నాటికి హైడెల్బర్గర్ అనే రసాయన శాస్త్రజ్ఞునితో కలిసి అదేమిటో తేల్చారు. అది ప్రొటీను కాదు, పంచదార జాతికి చెందిన పాలీశాకరైడు. బాక్టీరియా దాన్ని తన చుట్టూ గొంగళిలా కప్పుకుంటుంది. ఆ గొంగళి వున్నంతసేపు మన రక్తంలోని తెల్లకణాలు దాన్ని పట్టి మింగలేవు. గొంగళి లేని బాక్టీరియాను మాత్రం ఇట్టే మింగేస్తాయి.

ఇది చాలా పెద్ద సంగతి. సూక్ష్మజీవి ప్రమాదకరం కావడానికి దాని ఒళ్ళంతా కారణం కాదు, ఒక్క గొంగళి కారణం. అది తీసేస్తే పాము కోరలు పీకినట్టే. మొత్తం బాక్టీరియాను చంపాల్సిన పనిలేదు. ఏవరీ జీవితమంతా ఈ ఒక్క ఆలోచన చుట్టూ తిరిగింది.

ఈ గొంగళి కథ మన వూళ్ళకూ చేరింది. పంచదార పదార్థం ఒక్కటే ఇస్తే శరీరం సరిగా పట్టించుకోదని, దాన్ని ప్రొటీనుకు అతికించి ఇస్తే పట్టించుకుంటుందని ఏవరీ, గోబెల్ 1930 ప్రాంతంలో చూపించారు. ఆ పద్ధతి మీద తయారైన న్యుమోకోకల్ టీకాను మన దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి, 2021లో దేశమంతటా పసిపిల్లలకు ఇవ్వసాగారు. ప్రైమరీ హెల్త్ సెంటరు ముందు బిడ్డల్నెత్తుకుని నిలబడే తల్లులకు ఏవరీ పేరు తెలియదు. తెలియకపోయినా ఆయన శ్రమ వాళ్ళకు అందుతూనే వుంది.

గొంగళిని తినే ఎంజైము

మూడో రకం న్యుమోనియాకు సీరం పనిచెయ్యదన్నాను గదా. దాని గొంగళి మరీ దళసరి. దాన్ని కరిగించే దినుసు ప్రకృతిలో ఎక్కడో ఒకచోట వుండితీరాలని ఆయన ప్రయోగశాలలో చేరిన రెనే డ్యూబో అనే ఫ్రెంచి యువకుడు వాదించాడు. లేకపోతే ఈ భూమి మీద ఆ పంచదార పదార్థం కుప్పలు పడి వుండాలి గదా అని అతని తర్కం. రైతుబిడ్డలకు ఈ తర్కం సులువుగా బోధపడుతుంది. చేలో వేసిన ఎరువు, ఆకు, అలము, పశువు పేడ ఏదీ ఏళ్ళ తరబడి అలాగే వుండదు. మట్టిలో ఏదో ఒకటి దాన్ని తినేస్తుంది.

డ్యూబో మట్టినే వెదికాడు. న్యూజెర్సీలో క్రాన్‌బెర్రీ అనే పండ్లు పండే చిత్తడి నేల మట్టిలో ఆ గొంగళిని తిని బతికే బాక్టీరియా దొరికింది. దాని నుంచి తీసిన ఎంజైమును మూడో రకం న్యుమోకోకస్ ఎక్కించిన ఎలుకలకు ఇస్తే అవి బతికాయి. 1930లో ఏవరీ, డ్యూబో ఈ ఫలితాన్ని ప్రకటించారు. ఆ ఎంజైము బాక్టీరియాను చంపదు. గొంగళి మాత్రం ఊడగొడుతుంది. మిగతా పని రోగి శరీరమే చేసుకుంటుంది.

మనుషులకు ఇచ్చేంత శుభ్రంగా దాన్ని తయారుచేసే ప్రయత్నాలు సాగుతుండగానే కాలం మారిపోయింది. 1930 తర్వాత సల్ఫా మందులు వచ్చాయి. యుద్ధకాలంలో పెన్సిలిన్ వచ్చింది. 1948లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. రకం తేల్చనక్కరలేదు, గుర్రాలు అక్కరలేదు, ఇంజక్షనో మాత్రో ఇస్తే న్యుమోనియా మూడు నాలుగు రోజుల్లో దారికొచ్చేది. లక్షలాది ప్రాణాలు నిలిచాయి. సీరం వైద్యం మూలపడింది, ఎంజైము సంగతి ఎవరూ తలచలేదు. ఆ పరిస్థితుల్లో ఎవరున్నా అదే చేస్తారు, తప్పుపట్టడానికి లేదు.

నమ్మశక్యం కాని ప్రయోగం

ఇంతలో 1928లో లండన్ నుంచి ఒక వింత కబురు వచ్చింది. ఫ్రెడ్ గ్రిఫిత్ అనే డాక్టరు గొంగళి లేని, రోగం తేలేని బతికున్న న్యుమోకోకస్‌ను, గొంగళి వున్న మూడో రకాన్ని వేడి చేసి చంపి, రెండింటినీ కలిపి ఎలుకకు ఎక్కించాడు. విడివిడిగా ఎక్కిస్తే ఏదీ ఎలుకను చంపదు. కలిపి ఎక్కిస్తే ఎలుక చచ్చింది. దాని రక్తంలో గొంగళి కప్పుకున్న మూడో రకం బాక్టీరియా సజీవంగా కనిపించింది. చచ్చినవాడి ఆస్తి బతికున్నవాడికి సంక్రమించినట్టు, చచ్చిన బాక్టీరియా విద్య బతికున్నదానికి సంక్రమించింది. అంతేగాక దాని పిల్లలకూ, పిల్లల పిల్లలకూ ఆ విద్య వచ్చింది.

ఏవరీకి మొదట నమ్మకం కలగలేదు. రకాలు మారవన్న పునాది మీదనే ఆయన పదిహేనేళ్ళ పని నిలబడి వుంది. ఐతే ఆయన ప్రయోగశాలలోనే డాసన్ అనే యువకుడు ఆ ప్రయోగం మళ్ళీ చేసి నిజమేనన్నాడు. తర్వాత ఎలుక కూడా అక్కరలేదని, గాజుగొట్టంలోనే జరుగుతుందని తేలింది. 1932 నాటికి ఆలోవే అనే మరో యువకుడు చచ్చిన బాక్టీరియాను కూడా తీసేసి, వాటినుంచి వడగట్టిన రసంతోనే ఆ మార్పు తెచ్చాడు. అంటే ఆ రసంలో ఏదో వుంది. ఏమిటది? ఏవరీ దాన్ని మార్పు తెచ్చే పదార్థం అన్నారు. ఆ ఏళ్ళల్లోనే ఆయనకు థైరాయిడ్ గ్రంథికి సంబంధించిన గ్రేవ్స్ వ్యాధి వచ్చి ఆపరేషను అయింది. మనిషే చిన్నపాటి మనిషి, వంద పౌన్ల బరువు. జబ్బుతో మరీ నీరసించారు. ఐనా పని వదల్లేదు. 1934లో చేరిన కాలిన్ మెక్లియోడ్‌తో కలిసి ఆ పదార్థం వెంట పడ్డారు. 1941లో మెక్లియోడ్ వేరే ఉద్యోగానికి వెళ్ళగా మెక్లిన్ మెకార్టీ చేరాడు.

75 లీటర్ల నుంచి 25 మిల్లీగ్రాములు

ఆ పని ఎంత కష్టమైనదో లాబ్‌లో ప్రాక్టికల్స్ చేసే మనకు కొంత ఊహించుకోవచ్చు. మాంసరసంలో ఒక్కో విడతకు 75 లీటర్ల దాకా బాక్టీరియాను పెంచాలి. అవి ప్రాణాంతకమైన బాక్టీరియా. వాటిని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి వేరుచెయ్యాలి. వేడిచేసి చంపాలి. ఉప్పునీటిలో కడగాలి. ప్రొటీన్లను తీసెయ్యాలి. గొంగళి పదార్థాన్ని డ్యూబో ఎంజైముతో కరిగించి తీసెయ్యాలి. ఆఖరున మిగిలిన ద్రావణంలో ఆల్కహాలు చుక్కలు చుక్కలుగా వేస్తూ గాజుకడ్డీతో తిప్పితే తెల్లటి పోగులు కడ్డీకి చుట్టుకుంటాయి. 75 లీటర్లకు వచ్చేది 10 నుంచి 25 మిల్లీగ్రాములు. క్వింటాళ్ళ వడ్లు దంచి గుప్పెడు నూకలు తీసుకున్నట్టుంది.

ఎలుకల కోసం తీసిన డ్యూబో ఎంజైము ఇక్కడ ఇలా అక్కరకొచ్చింది చూడండి. మందుగా పనికిరాకుండా పోయిన వస్తువు జన్యువును శుభ్రం చెయ్యడానికి పనికొచ్చింది.

ఆ పోగుల పదార్థం 60 కోట్ల వంతుల నీటిలో ఒక వంతు కలిపినా పనిచేసేది. ప్రొటీన్లను జీర్ణం చేసే ఎంజైములు వేసినా దాని శక్తి చెక్కుచెదరలేదు. ఆర్.ఎన్.ఏ.ను తినే ఎంజైము వేసినా చెదరలేదు. డి.ఎన్.ఏ.ను విరిచే ఎంజైము వున్న రసాలు వేస్తే మాత్రం శక్తి పోయింది. 1944 ఫిబ్రవరిలో ఏవరీ, మెక్లియోడ్, మెకార్టీ ముగ్గురి పేర్లతో ఆ వ్యాసం జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ మెడిసిన్‌లో అచ్చయింది. అప్పటికి ఏవరీకి 66 ఏళ్ళు. లెక్కప్రకారం రిటైరై కూర్చోవలసిన వయసు.

ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

లోకం వెంటనే చప్పట్లు కొట్టలేదు. జన్యువంటే ప్రొటీనే అయివుండాలని అప్పట్లో చాలామంది నమ్మకం. డి.ఎన్.ఏ. నాలుగే నాలుగు ముక్కలు మళ్ళీ మళ్ళీ వచ్చే మందమైన పదార్థమని చులకన. ఆ పోగుల్లో కంటికి కనపడనంత ప్రొటీను మిగిలివుండి అదే ఈ పనంతా చేస్తోందేమోనని రాక్‌ఫెల్లర్‌లోనే పనిచేసే మిర్‌స్కీ అభ్యంతరం చెప్పారు. ఏవరీ సభలెక్కి వాదించే మనిషి కాదు. మెకార్టీ డి.ఎన్.ఏ. ఎంజైమును మరింత శుద్ధంగా తీసి 1946లో జవాబు చెప్పాడు. 1952లో హెర్షీ, ఛేజ్‌ల ప్రయోగం, 1953లో వాట్సన్, క్రిక్‌ల నమూనా వచ్చాక గాని అందరికీ నమ్మకం కుదరలేదు.

1945లో రాయల్ సొసైటీ వారి కోప్లీ పతకం, 1947లో లాస్కర్ బహుమతి వచ్చాయి. నోబెల్ బహుమతికి చాలాసార్లు పేరు వెళ్ళింది గాని రాలేదు. పెళ్ళి చేసుకోలేదు. డోషేతో కలిసి ఒకే ఇంట్లో ఏళ్ళ తరబడి వున్నారు. వేసవిలో సముద్రం మీద తెరచాప పడవ నడపడం ఒక్కటే విలాసం. 1948లో న్యూయార్కు వదిలి, తమ్ముడు రాయ్ బాక్టీరియా శాస్త్రం బోధించే నాష్‌విల్‌కు వెళ్ళిపోయారు. 1955 ఫిబ్రవరి 20న కాలేయ కాన్సరుతో అక్కడే కన్నుమూశారు.

సూక్ష్మజీవి నేర్చిన విద్య

ఇక్కడితో ఆయన జీవితం అయిపోయింది గాని కథ అయిపోలేదు. 1951లో, ఏవరీ బతికుండగానే, ఆయన ప్రయోగశాల పనిని కొనసాగించిన రోలిన్ హాచ్‌కిస్ ఒక ప్రయోగం ప్రకటించారు. పెన్సిలిన్‌కు లొంగని న్యుమోకోకస్ నుంచి డి.ఎన్.ఏ. తీసి, లొంగే న్యుమోకోకస్‌కు ఇస్తే, ఇదీ పెన్సిలిన్‌కు లొంగడం మానేసింది. గొంగళి విద్య ఎలా సంక్రమించిందో మందును తట్టుకునే విద్య కూడా అలాగే సంక్రమించింది. అది గాజుగొట్టంలో జరిగిన సంగతి. 1967లో రోగి దగ్గర నుంచి తీసిన న్యుమోకోకస్‌లోనే పెన్సిలిన్‌కు సరిగా లొంగనిది ఆస్ట్రేలియాలో కనిపించింది. 1977లో దక్షిణాఫ్రికాలో ఒకేసారి అనేక మందులకు లొంగనివి బయటపడ్డాయి. తర్వాత వాటి జన్యువులను చదివి చూస్తే, పెన్సిలిన్ వచ్చి అంటుకునే ప్రొటీన్ల జన్యువుల్లో పక్క జాతుల డి.ఎన్.ఏ. ముక్కలు అతుకుల బొంతలా వున్నాయి. ఏవరీ గాజుగొట్టంలో చూసిన పనినే బాక్టీరియా మన గొంతుల్లో చేసుకుంటూ వచ్చిందన్నమాట.

మాది పత్తి, మిరప వేసే ఇల్లు. మందుకు లొంగకపోవడమంటే ఏమిటో మాకు ఎవరూ క్లాసులో చెప్పనక్కరలేదు. 1987 ప్రాంతంలో పత్తి మీద పచ్చపురుగు ఏ మందు కొట్టినా చావక కోస్తా జిల్లాల రైతులు అప్పుల్లో మునిగిన సంగతి మా నాయన ఇప్పటికీ చెబుతాడు. మందు కొట్టిన ప్రతిసారీ బలహీనమైన పురుగు చచ్చింది. తట్టుకున్నది మిగిలింది. మిగిలినదే పిల్లల్ని పెట్టింది. బాక్టీరియాదీ ఇదే లెక్క. పురుగుకు తరం మారాలంటే ఓ నెల పడుతుంది, బాక్టీరియాకు అరగంట చాలు. పైగా పురుగు తన విద్యను పక్క పురుగుకు ఇవ్వలేదు. బాక్టీరియా ఇవ్వగలదు. వరిలో ఎండాకు తెగులుకు కొడుతూ వచ్చిన స్ట్రెప్టోసైక్లిన్ పొట్లంలో వుండేవి స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ అనే మనుషుల మందులే. కోళ్ళ దాణాలో కలిపే కొలిస్టిన్ ఆసుపత్రుల్లో ఆఖరి ఆయుధమని మన ప్రభుత్వం 2019లో పశువులకు, కోళ్ళకు వాడకుండా నిషేధించింది. చేను, కోళ్ళఫారం, ఆసుపత్రి మూడూ ఒకే చెరువు కింది కాలవలు. ఒకదాంట్లో కలిపింది ఇంకోదాంట్లో తేలుతుంది.

మా పెదనాన్నకు తలకు దెబ్బ తగిలితే పట్నంలో ఆసుపత్రిలో చేర్చారు. ఆపరేషను బాగానే జరిగింది. వెంటిలేటరు మీద వుండగా ఊపిరితిత్తుల్లో అసినెటోబాక్టర్ అనే బాక్టీరియా చేరింది. కఫం పరీక్ష రిపోర్టు చదవమని నా చేతికిచ్చారు, ఇంట్లో సైన్సు చదివేవాడిని నేనొక్కడినే కాబట్టి. కాగితం మీద మందుల పేర్లు వరసగా వున్నాయి. ఒక్కొక్కదాని ఎదురుగా ఆర్ అనే అక్షరం వుంది. ఆర్ అంటే ఆ మందుకు లొంగదని. పైనుంచి కింద దాకా ఆర్‌లే. డాక్టర్లు చెయ్యగలిగినంతా చేశారు. పదకొండో రోజున ఆయన పోయారు. 2019 ఒక్క సంవత్సరంలో ప్రపంచంలో ఇలా మందులకు లొంగని బాక్టీరియా వల్లనే సుమారు 12 లక్షల 70 వేలమంది చనిపోయారని, అందులో ఊపిరితిత్తుల జబ్బులదే పెద్ద వాటా అని తర్వాత చదివాను. ఆ అంకెలో నాకు ఎప్పుడూ ఒక ముఖమే కనిపిస్తుంది.

జన్యువు నోరు మూయించడం

మరి మార్గమేమిటి? ఇక్కడే ఏవరీ దారి మళ్ళీ కనిపిస్తుంది. బాక్టీరియా గొంగళి అల్లుకున్నా, మందును విరిచే ఎంజైము చేసుకున్నా, వాటి పథకం డి.ఎన్.ఏ.లో వుంది. డి.ఎన్.ఏ. నుంచి ముందు ఆర్.ఎన్.ఏ. అనే నకలు తయారవుతుంది. ఆ నకలును చదివి రైబోజోములు ప్రొటీను తయారుచేస్తాయి. ఆ నకలు మొదట్లో వుండే పదో పదకొండో అక్షరాలకు సరిగ్గా జతకుదిరే చిన్న ముక్కను మనం తయారుచేసి పంపిస్తే, అది వెళ్ళి అక్కడ అతుక్కుంటుంది. రైబోజోము చదవలేదు. ప్రొటీను తయారుకాదు. జన్యువు వున్నచోటనే వుంటుంది గాని దాని మాట చెల్లదు. దీన్ని యాంటీసెన్స్ పద్ధతి అంటారు. 1978లో జామెక్నిక్, స్టీఫెన్సన్ ఒక వైరస్ మీద దీన్ని మొదట చూపించారు. 2006లో నోబెల్ వచ్చిన ఆర్.ఎన్.ఏ. ఇంటర్‌ఫియరెన్స్ కూడా జన్యువు నోరు మూయించేదే. ఐతే దానికి కావలసిన సరంజామా మన కణాల్లో వుంటుంది, బాక్టీరియాలో వుండదు. కాబట్టి బాక్టీరియాకు యాంటీసెన్సే గతి.

మామూలు డి.ఎన్.ఏ. ముక్కను పంపితే దారిలోనే ఎంజైములు తినేస్తాయి. అందుకని వెన్నెముకను మార్చి కృత్రిమంగా చేసిన ముక్కలు వాడతారు. డెన్మార్కులో 1991లో నీల్సన్ బృందం చేసిన పి.ఎన్.ఏ. ఒకటి, మార్ఫోలినో అనేది ఇంకొకటి. ఇవి బాక్టీరియా గోడ దాటడం కష్టం. దానికి ఒక చిన్న పెప్టైడును టిక్కెట్టులా అతికించి పంపుతారు. అమెరికాలో గెల్లర్ బృందం ఇలాంటి ముక్కలతో అసినెటోబాక్టర్‌కు బతకడానికి అవసరమైన జన్యువును అణచి, ఊపిరితిత్తుల్లో ఆ బాక్టీరియా చేరిన ఎలుకలను బతికించినట్టు 2013లో ప్రకటించింది. మా పెదనాన్న రిపోర్టులో వున్న బాక్టీరియా జాతే అది.

ఇంకో ఎత్తు కూడా వుంది. బాక్టీరియాను చంపడం కాదు, మందును విరిచే ఎన్.డి.ఎమ్. వంటి ఎంజైము జన్యువు ఒక్కదాన్నే అణచడం. అప్పుడు పాత మందే మళ్ళీ పనిచేస్తుంది. దీన్ని కూడా ఎలుకల్లో చూపించారు. కాగితం మీద ఆర్ అని వున్నచోట ఆ అక్షరాన్ని చెరిపేసినట్టే. ఏవరీ జీవితమంతా పెంచిన న్యుమోకోకస్ మీద కూడా ఇలాంటి ముక్కలు గాజుపాత్రల్లో పనిచేశాయి.

ఈ పద్ధతిలో మంచి ఏమిటంటే గురి. యాంటీబయోటిక్ కలుపు మందులా మంచీ చెడూ చూడకుండా కొట్టుకుపోతుంది. పేగుల్లోని మేలుచేసే బాక్టీరియా కూడా పోతుంది. ఈ ముక్క మాత్రం తనకు జతపడే అక్షరాల్నే వెదుక్కుంటుంది. చేత్తో కలుపు తీసినట్టన్నమాట. చిక్కులూ వున్నాయి. ఊపిరితిత్తుల్లో చిక్కగా పట్టిన కఫం దాటి ముక్క లోపలికి పోవాలి. అతికించిన పెప్టైడు మోతాదు మించితే మన కణాలకే హాని. కొన్ని ముక్కలు లోపలికి పోయే దారిని బాక్టీరియా మూసేసుకోవడం కూడా ప్రయోగాల్లో చూశారు. ఇంతవరకు బాక్టీరియా జబ్బుకు ఈ రకం మందేదీ ఆమోదం పొంది రోగి మంచం దాకా రాలేదు. ఇది నారుమడి దశ. నారు బాగుందని పంట ఇంటికొచ్చినట్టు లెక్కవేసే రైతు ఎవరూ వుండడు.

ముగింపు

మిత్రులారా, ఏవరీ జీవితం నుంచి నేను నేర్చుకున్నది ఒకటి చెప్పి ముగిస్తాను. ఆయన చేసిన సీరం మూలపడింది. ఆయన ఎంజైము మూలపడింది. ఆయన కన్నుమూసే నాటికి న్యుమోనియా సమస్య తీరిపోయిందనే అందరూ అనుకున్నారు. లెక్క ప్రకారం చూస్తే ఆయన ముప్ఫై ఏళ్ళ వైద్య పరిశోధన వృథా. కాని ఈ సూక్ష్మజీవికి బలం ఎక్కడినుంచి వస్తోంది అనే ఆయన ప్రశ్న మాత్రం పాతబడలేదు. చంపే మందు దొరికినన్నాళ్ళు ఆ ప్రశ్న అక్కరలేకపోయింది. మందు చేతిలోంచి జారిపోతున్నప్పుడు మళ్ళీ అక్కరకొచ్చింది.

మన లాబ్‌లో సామాను తక్కువ, మన చదువుకు వసతులు తక్కువ. నిజమే. కాని ఏవరీ పనిచేసింది కూడా ఏ మహాసౌధంలోనూ కాదు, ఆసుపత్రి వార్డు పక్కనున్న చిన్న గదిలో, బున్సెన్ బర్నరు, గాజుగొట్టాలు, ప్లాటినం తీగ ముందేసుకుని. కోప్లీ పతకం తీసుకోవడానికి ఆయన లండన్ వెళ్ళకపోతే సర్ హెన్రీ డేల్ న్యూయార్కు వచ్చారట. తలుపు సందులోంచి చూస్తే, బూడిదరంగు కోటు వేసుకున్న చిన్నపాటి ముసలాయన తలవంచుకుని బాక్టీరియాను ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టానికి మారుస్తూ కనిపించారట. ముప్ఫై ఏళ్ళుగా రోజూ చేస్తున్న పనే అది.